బదులు గడి

దుప్పటిని మరలోకి తోసే ముందు ప్రతిసారీ ఆమె వేళ్ల కొసల మీద ఊదుకుంటుంది. ఆసుపత్రి లాండ్రీలో ఆమె పని అదే. తడి దుప్పటి వేడి రోలర్ల కింద దూరి, అవతల పొడిగా, ముడత లేకుండా పడుతుంది. రోజుకు ఆరువందల దుప్పట్లు. పదకొండేళ్లు.

అందరూ ఆమెను సరేలమ్మ అంటారు. అక్కడ సెలవు కావాలంటే రిజిస్టరులో తమ పేరు రాసుకుని, పక్కనున్న బదులు గడిలో తమ పని చేసేవాళ్ల పేరు చూపించాలి. ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా, ఎవరి ఆడపడుచు పురిటికి వచ్చినా ఆ గడిలో పేరు ఈమెదే. "సరేలే" అంటూ తనే రాసేది.

పోయిన నెల చూపుడువేలు రోలరుకు అంటుకుంది. కాలిన వాసన వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు. నొప్పి ఆ తరువాత కూడా రాలేదు. కట్టు కడుతూ డాక్టరమ్మ నిద్ర సంగతి అడిగింది. కళ్లు మూస్తే దుప్పట్లు నడుస్తున్నాయని, చెల్లెలు పిలిచినా వేరెవరినో పిలిచినట్టుంటుందని ఆమె చెప్పింది.

"ఇది వేలి జబ్బు కాదమ్మా. మనిషివే అరిగిపోయావు. పదిహేను రోజులు ఆగావా, కోలుకుంటావు. ఆగలేదా, ఈసారి చెయ్యి పోతుంది."

తనకు బదులు మనిషిని అడగడానికి ఆమె బయలుదేరింది. ముందుగా తనతో పనిచేసే పొడుగామె దగ్గరికి వెళ్లింది. ఆ పొడుగామె రెండు కాన్పులకూ మర ముందు నిలబడింది తనే.

"అయ్యో అక్కా, ప్రాణమడుగు, ఇస్తాను. నా నడుం సంగతి నీకు తెలీదా?"

"సరేలమ్మకు సెలవేంటే! రేపు మర కూడా అడుగుతుంది" అంది మడతలు పెట్టే ఆవిడ. గది గదంతా నవ్వింది.

సూపర్‌వైజరు రిజిస్టరు ముందుకు తోశాడు. "గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టను. ఎవరో ఒకరి పేరు రాయమ్మా, తెమలాలి."

ఆమె కలం అందుకుంది. ఆ గడిలో రాయడానికి చేతికి తెలిసిన పేరు ఒక్కటే. రాసింది. అతను సంతకం చేసి, అప్పుడు చూశాడు.

"ఏమ్మా, నీకు నువ్వే బదులా?" కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "సంతకమైపోయింది. కొట్టివేతలు చెల్లవు. రేపట్నుంచి సెలవులోనూ నువ్వే, మర మీదా నువ్వే."

"పోనీలే అక్కా, నీకంటే నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?" అంది పొడుగామె.

"సరేలే" అంది ఆమె.

ఇంట్లో సంగతి విని చెల్లెలు కంచం విసురుగా పెట్టింది. "చెయ్యి పోయాక నీ నోట్లో ముద్ద పెట్టేదెవరే అక్కా? ఆ పొడుగామా?"

ఆమె కంచం దగ్గరికి లాక్కుంది.

మర్నాడు అలవాటు కొద్దీ నాలుగున్నరకే లేచి కూర్చుంది. మళ్లీ పడుకుంది. ఆరుంబావుకు ఫోను మోగింది.

"బదులు మనిషి రాలేదేం?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఆమెకు ఒంట్లో బాగోలేదు."

"వేళాకోళమా? పొడుగామెను నిలబెట్టాను ఇక్కడ. దాని నడుం విరిగితే ఆ ఉసురు నీకే తగుల్తుంది."

రోలర్ల చప్పుడు వెనక పొడుగామె ఏడుపు వినబడుతూనే ఉంది. ఆమె కొంతసేపు విన్నది. తరువాత ఫోను ఆపేసి, గోడవైపు తిరిగి నిద్రపోయింది.