రుద్దితే పోని బొట్టు

కరోనా సద్దుమణిగిన తర్వాతి ఎండాకాలం. జగిత్యాలలో నా పార్లర్‌కు తీరిక లేదు. ఇవాళ కోరుట్ల, రేపు సిరిసిల్ల అంటూ మేకప్ పెట్టె భుజాన వేసుకుని పెళ్లిళ్ల వెంట తిరగడమే పని. అందరూ పెళ్లికూతురి ముస్తాబు గురించే అడుగుతారు. నన్నడిగితే అసలు పరీక్ష పెళ్లికూతురి తల్లి. ఇరవయ్యేళ్ల ముఖానికి ఏది పూసినా నప్పుతుంది, అందులో నా గొప్పేముంది?

వయసు మీదపడిన చర్మం పలచబడుతుంది, తడి ఆరిపోతుంది. దాని మీద ఫౌండేషన్ దట్టించి పౌడర్ కొడితే, కాసేపటికే ముడతల్లోకి దిగి పాత గోడ సున్నంలా పెచ్చులు లేస్తుంది. దాన్ని మేం కేకీ అంటాం. అందుకే మాయిశ్చరైజర్ పట్టించి, చర్మం దాన్ని తాగేదాకా ఆగాలి. ఫౌండేషన్ రెండు చుక్కలు చాలు, తడి స్పాంజితో అద్దాలి. ఎక్కడా రుద్దకూడదు.

వెల్గటూర్ దగ్గర ఒక ఊళ్లో రాజవ్వకు అట్లాగే చేశాను, ఆమె బిడ్డ సునీత పెళ్లిలో. అరవైకి దగ్గరపడిన మనిషి, బీడీలు చుట్టేది. భర్త తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆమెకు బొట్టు లాంగ్ స్టే లిప్‌స్టిక్‌తో పెట్టాను. అంటే ఒకసారి ఆరితే నీళ్లు పోసినా కదలని రకం. అప్పగింతల్లో బిడ్డను పట్టుకుని ఆమె ఎంత ఏడ్చినా బొట్టు చెక్కుచెదరలేదు. "సూసినవా పెద్దమ్మా, నా చెయ్యి పడ్డదంటే గంతే!" అని కోతలు కోశాను కూడా. ఆమె భర్త పక్కనే ఉండి, "మా పెండ్లినాడు గూడ గింత మంచిగ లేకుండె" అని నవ్వాడు.

మరుసటి ఏడు సునీత ఫోన్ చేసింది. "అక్కా, చెట్టెక్కే మోకు తెగి బాపు తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. పాణం పోయింది. రేపు పదోనాడు. అమ్మ నిన్నే రమ్మంటున్నది."

పదోనాడు భార్యకు ఆఖరుసారి పూలు, గాజులు, బొట్టు పెట్టి, గోదావరి ఒడ్డుకు తీసుకుపోయి అన్నీ తీసేస్తారు. దానికి బ్యూటీషియన్‌ను పిలవడం నేనెన్నడూ వినలేదు. అయినా వెళ్లాను.

రాజవ్వ ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది. నేను క్రీమ్ డబ్బా తీస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"గవన్ని వద్దు బిడ్డా. పెండ్లినాడు పెట్టినవు సూడు, ఏడ్చినా పోలే. గా బొట్టు పెట్టు."

"పెద్దమ్మా, గది తియ్యాలంటే శాన కష్టమైతది."

"గందుకే పెట్టమంటున్న. ఆయన పోయిండు. బొట్టు సిన్నప్పుడే మా అవ్వ పెట్టింది, ఆయన తెచ్చింది కాదు. నేనెందుకియ్యాలె?"

ఎంతసేపు తుడుస్తారు, పోకపోతే విసుగొచ్చి వదిలేస్తారులే అనుకున్నాను. రెండు పూతలు వేసి, ఆరేదాకా విసనకర్రతో విసిరాను.

ఒడ్డున బొట్టు తీసే పని ఆడబిడ్డ మల్లవ్వది. ఆమెకు చిన్న వయసులోనే భర్త పోయాడు. గాజులు పగలగొట్టి, తడిగుడ్డతో రాజవ్వ నుదురు తుడిచింది. పోలేదు. మళ్లీ తుడిచింది. చుట్టూ ఆడవాళ్లు గుసగుసలాడారు. సబ్బు తెప్పించి రుద్దింది. కాస్త అంచు కూడా కదలలేదు.

"ఏం పెట్టినవే దీనికి?" అని నా మీదికి లేచింది. నేను నోరు విప్పేలోగా గుప్పెడు ఇసుక తీసి రాజవ్వ నుదుటికేసి రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూ తనే ఏడుస్తోంది. "నాకు తియ్యలేదా? నా సంకల పసిపోరడు ఉండె. నాది బొట్టు కాదా? నీకే ఉండాల్నా?"

"ఇడిసిపెట్టుర్రి, తోలు లేస్తున్నది!" అని అరిచాను. ఎవరూ వినలేదు. ఆ చర్మం ఉల్లిపొరంత పలచన, దాని మీద ఇసుక! నెత్తురు కనుబొమల మధ్య నుంచి ముక్కు మీదికి జారింది. రాజవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

నా సంచిలో రిమూవర్ ఉంది. ఆ రంగును కరిగించే నూనె. తీయకపోతే ముఖం మిగలదు. తీస్తే ఆమె నన్ను అడిగిన ఒక్కటీ మిగలదు. మల్లవ్వ చెయ్యి పక్కకు తోసి, సీసా పట్టుకుని రాజవ్వ ముందు కూర్చున్నాను.

"గది తీసే మందా బిడ్డా?"

"అవును పెద్దమ్మా."

కాసేపు సీసా వైపే చూసి కళ్లు మూసుకుంది. "మెల్లగ తియ్యి."

దూది తడిపి నుదుటి మీద ఆనించి పట్టుకున్నాను. రంగు కరిగి దూదిలోకి వచ్చింది. అందులో బొట్టు ఎంతో, నెత్తురు ఎంతో తెలియలేదు. మల్లవ్వ ఇసుకలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తోచలేదు.

కొన్ని నెలలకు సునీత తల్లిని వెంటబెట్టుకుని పార్లర్‌కు వచ్చింది. పుండు మానిన చోట, సరిగ్గా బొట్టు ఉండే చోట, గుండ్రటి నల్లమచ్చ మిగిలింది.

"రేపు మా పాపను తొట్టెల ఏసే పండుగున్నది అక్కా. అందరస్తరు, ఏదన్న అంటరు. గీ మచ్చ కనబడకుండ చెయ్యి."

నల్లమచ్చ మీద ముందు నారింజరంగు కరెక్టర్ అద్ది, పైన చర్మం రంగు కన్సీలర్ వేస్తే కప్పుకుపోతుంది. రెండూ తీసి పెట్టుకున్నాను. రాజవ్వ అద్దంలో నా చేతిని చూస్తోంది.

"గీ మచ్చను గూడ తీసే మందున్నదా నీ దగ్గర?"

"లేదు పెద్దమ్మా. కప్పుడే, తీసుడు కాదు."

"అంటె, గిది ఇగ ఎవ్వలు రుద్దినా పోదు?"

"పోదు."

"ఉండనియ్యి మరి."

నేను బుగ్గలకు క్రీమ్ అద్ది, తల దువ్వి, మచ్చ జోలికి పోకుండా పంపించాను. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలకు పెద్దవాళ్ల చర్మం గురించి చాలా చెబుతాను. ముడతల మీద పౌడర్ వద్దంటాను, రుద్దవద్దంటాను. మచ్చ కప్పే ముందు మాత్రం బ్రష్ పక్కన పెట్టి, కప్పాలా వద్దా అని ఆ మనిషినే అడగమంటాను.