మడిగదిలో ల్యాప్‌టాప్

తెల్లవారుజామున ఉమాపతిగారు చదివే సూక్తాలు వినబడితేనే తార్నాకలోని ఆ వీధి పాలవాడికి వేళ తెలిసేది. కృష్ణాతీరంలో తాతగారి వద్ద కావ్యాలూ, తరువాత ఒక పాఠశాలలో తర్కమూ చదివి, విశ్వవిద్యాలయంలో సంస్కృతోపాధ్యాయుడై ఆయన ఈ ఊరు చేరి ఇరవై రెండేళ్లయింది. ఏకాదశి తప్పరు. అసత్యమాడరు. ఇంతటి నిష్ఠాపరుడు ఒక నిరపరాధిపై దొంగతనం మోపుతారంటే, అంతకు ముందురోజు ఆయనే నమ్మి ఉండరు.

పదేళ్లుగా ఆయన ఒక ప్రాచీన వ్యాఖ్యానానికి పదసూచిక కడుతున్నారు. అందుకోసం విభాగం వారు నల్లని బరువైన ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చారు. శాస్త్రం నిలిచిన చోటు సరస్వతీపీఠమే కదా! పూజగదిని ఆనుకొన్న మడిగదిలో పీట వేసి, సన్మానంలో కప్పిన పట్టుశాలువాను నాలుగు మడతలు పెట్టి పరిచి, దానిపై ల్యాప్‌టాప్‌ను కూర్చుండబెట్టారు. స్నానం చేయనిదే దాన్ని తెరిచేవారు కాదు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. తరగతులు ఆగాయి, బస్సులు ఆగాయి, బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. ఉమాపతిగారు ఇంట కూర్చుని సూచిక పూర్తి చేయాలని సంకల్పించారు. అదివరకు రోజూ కాసేపే తెరిచే ల్యాప్‌టాప్, ఇప్పుడు గంటల తరబడి తెరిచేసరికి మొరాయించింది. అరగంట పని చేసేది. లోపలి ఫ్యాను ఈలవేసినట్లు అరిచేది. బ్యాటరీ సగం మిగిలి ఉండగానే తెర నల్లబడేది.

విభాగంలోని యంత్రాలన్నీ చూసేవాడు సామేలు. తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇతడు తార్నాకలో మేడ మీద ఒంటిగదిలో దుకాణం పెట్టుకున్నాడు. ఛార్జరు మార్చి చూశాడు, బ్యాటరీ పరీక్షించాడు, ఫ్యాను ఊడదీసి దుమ్ము దులిపాడు. దుకాణంలో బల్ల మీద పెడితే పూటంతా పనిచేసింది. ఇంటికి తెస్తే అరగంటకే ఆరిపోయింది.

మూడవసారి బాగుచేసి తెచ్చినప్పుడు ఉమాపతిగారు అతణ్ని ఇంటి వరండాలోనే నిలబెట్టి అడిగారు. "నీ చేతిలో బతుకుతుంది, నా చేతిలో చస్తుంది. ఇదేం మాయయ్యా సామేలూ?"

"మాయ గాదు సార్, వేడి. ఇంట్ల దేని మీద పెడ్తరు?"

"దేవుడి పక్కన పెడతాను. అంతకంటే మంచి చోటేముంటుంది?"

"దేవుని పక్కనైతే మంచిదే సార్. గాలి ఆడుతదా అని అడుగుతున్న." సామేలు నవ్వాడు. "ఒక్కసారి లోపలికొచ్చి చూస్త. రెండే నిమిషాలు."

"అది మడిగది. అక్కడికి ఎవరూ రారు."

సామేలు నవ్వు ఆగింది. విడిచిన చెప్పులలో మళ్లీ కాళ్లు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి ఉమాపతిగారికి తోచిన కారణం ఒక్కటే: శుభ్రం చేసే నెపంతో వీడు మంచి ఫ్యాను కాజేసి పాతది బిగించాడు. శాఖాధిపతి రఘువీర్ గారికి లేఖ రాశారు. అందులో 'ఈ ప్రాంతపు పనివారిలో నిజాయితీ మృగ్యమగుచున్న ఈ దినములలో' అన్న వాక్యం ఉన్నది. రఘువీర్ ఆ భాషను మెచ్చుకుని, మరునాడే సామేలును క్యాంపస్‌లోకి రానివ్వవద్దని గేటుకు చెప్పారు.

నవరాత్రులు వచ్చాయి. మూలానక్షత్రం నాడు పూజకు గది కడుగుతూ ఉమాపతిగారి భార్య సుబ్బలక్ష్మి శాలువాను ఉతకడానికి తీసుకుపోయింది. ల్యాప్‌టాప్ ఉత్త పీట మీదికి వచ్చింది. పూజయ్యాక ఆయన ఏదో శ్లోకం వెదకడానికి తెరిచి, పనిలో మునిగిపోయారు.

"ఏవండీ, మూడు గంటలయింది, భోజనానికి లేస్తారా? ఇవాళ మీ సరస్వతి అలగలేదే!" అన్నది సుబ్బలక్ష్మి గుమ్మంలోంచి.

ఆయన ఉలిక్కిపడ్డారు. అడుగున చెయ్యి పెట్టి చూశారు. పీటకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య చిన్న సందు. అక్కడ సన్నని జల్లెడలాంటి కంతలు. వాటిలోకి గాలి పోతున్నది. లేచి మరొక శాలువా తెచ్చి, మడిచి, కింద పెట్టారు. ఇరవై నిమిషాలకు ఫ్యాను అరిచింది. తెర నల్లబడింది. తీశారు, చల్లబడ్డాక మళ్లీ నడిచింది. ఉన్నచోట ఉండడం, లేనిచోట లేకపోవడం: అన్వయవ్యతిరేకాలు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పొగనూ నిప్పునూ చూపి చెప్పిన పాఠం. ఆ పాఠంతో ఆయన తన అపరాధాన్ని తానే నిరూపించుకున్నారు.

భోజనానికి కూర్చోకుండానే విభాగానికి బయలుదేరారు.

రఘువీర్ గారి గదికి వెళ్లి చెబితే, ఆయన తలుపు దగ్గరగా వేశారు. "ఉమాపతి గారూ, పెద్దవారు. ఈ రోజుల్లో తప్పు ఒప్పుకుంటూ రాతపూర్వకంగా ఇస్తే ఏమవుతుందో తెలుసా? మొదటి లేఖలో మీరు రాసిన ఆ వాక్యం ఉద్యమంలోని కుర్రాళ్ల చేతిలో పడితే మనవాళ్లందరి మీదికీ వస్తుంది. సమ్మె ముగియనివ్వండి. గేటువాళ్లకు నేను మెల్లగా చెబుతాను."

"అంతవరకు అతడు దొంగగానే ఉండాలా?"

రఘువీర్ కాగితాలు సర్దుకున్నారు.

ఉమాపతిగారు ఇంటికి వచ్చి రెండవ లేఖ రాశారు. మొదటిది ఒక్క ఊపులో వచ్చింది. ఇది నాలుగు కాగితాలు చించితే గాని రాలేదు. దాన్ని పట్టుకుని తార్నాక మేడమెట్లు ఎక్కారు. ఆ గదికి ఆయన ఎన్నడూ వచ్చింది లేదు. సామేలు లేచి కుర్చీ తుడిచాడు.

"సామేలు గారూ, ఇది ముందు మీరు చదవాలి."

"'గారు' ఏంది సార్ కొత్తగ? భయమైతున్నది."

అతడు లేఖను ఆసాంతం చదివాడు. ఒకచోట వేలు ఆగింది. "'అవగాహనా లోపమువలన సంభవించినది' అని రాసిండ్రు. లోపం ఎవరిది సార్? ల్యాప్‌టాప్‌దా?"

ఉమాపతిగారు కాగితం వెనక్కి తీసుకున్నారు. జేబులోంచి కలం తీసి ఆ మాట కొట్టివేశారు. పైన చిన్న అక్షరాలతో రాశారు: 'ఈయన ఇంటికి వచ్చి చూస్తానన్నారు. మడిగది అని నేను రానివ్వలేదు. కాజేశాడని అబద్ధం రాశాను. ఈ ప్రాంతపువారిని అవమానించాను. తప్పు నాది.' అందులో ఒక్క గ్రాంథికపు మాటా లేదు.

సామేలు కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. "మా నాయినకు చెప్పలేదు సార్, గేటు కాడ నన్ను ఆపిండ్రని. షాపుల బిజీ అని చెప్పిన."

"ఈ లేఖ నేను అందరి ముందూ చదివి ఇస్తాను. ఆ తరువాత మీరు మా ఇంటికి రావాలి. గదిలోకే. చూడాలి."

"ఇప్పుడు నేనొచ్చి చూసేదేమున్నది సార్? రోగం మీరే పట్టిండ్రు గద."

ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉమాపతిగారు లేఖ జేబులో పెట్టుకుని మెట్లు దిగారు.

సోమవారం విభాగంలో పదకొండుమంది ఎదుట ఉమాపతిగారు లేఖ చదివారు. మొదటి లేఖలోని వాక్యాన్ని దాచకుండా చదివేసరికి వెనుక వరుసలో ఎవరో కుర్చీ జరుపుకొని బయటికి వెళ్లిపోయారు. సామేలును రానివ్వమని గేటుకు పంపే కాగితం మీద రఘువీర్ కిటికీ వైపు చూస్తూ సంతకం చేశారు. మధ్యాహ్నానికి సామేలు సంచీ తగిలించుకుని గేటు దాటి వచ్చాడు. వరండాలో ఎదురుపడి నమస్కారం పెట్టి, ఆఫీసు గదిలో ఆగిపోయిన ప్రింటరు సంగతి అడిగాడు. ఇంటికి ఎప్పుడొస్తారని అడగబోయి ఉమాపతిగారు మానుకున్నారు. ప్రింటరు ఉన్న గది వైపు ముందు నడిచి, తలుపు తీసి, సామేలు గారు లోపలికి వచ్చేవరకు పట్టుకుని నిలబడ్డారు.