క్లేర్ ‘గుడ్’ అన్న రోజు

2023 నాటి మాట. అమెరికాలో, మోరిస్‌విల్ దగ్గరి ఒక హాస్పిటల్‌లో, బాలింతల వార్డులో నర్సుగా చేస్తున్నాను. కాన్పయిన రెండో రోజే తల్లీబిడ్డల్ని ఇంటికి పంపేస్తాం. దాన్నే డిశ్చార్జ్ అంటాం. అంతకుముందు ఇంటి దగ్గర తోడెవరున్నారో కనుక్కోవడం నా పని.

క్లేర్ ఫ్రాన్స్ నుంచి ఉద్యోగానికి వచ్చిన ఇంజినీరు. భర్త వీసా రాక అక్కడే ఆగిపోయాడు. పొద్దున్నే "హౌ ఆర్ యూ?" అంటూ గదిలోకి వెళ్తే, "బాగోలేను. భయంగా ఉంది" అంది. గతుక్కుమన్నాను. ఈ దేశంలో ఆ పలకరింపుకి అందరూ ‘గుడ్’ అనేస్తారు. నిజం చెప్పేవాళ్లు కూడా ఉంటారా!

"రేపు మా ఇంటికొచ్చే మిడ్‌వైఫ్ పేరేంటి?" అని అడిగింది. ఫ్రాన్స్‌లో డిశ్చార్జ్ అయ్యాక మిడ్‌వైఫ్, అంటే చదువుకున్న మంత్రసాని, ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనీ చూస్తుందట. ఖర్చు ప్రభుత్వానిదేనట.

"ఇక్కడ ఎవరూ రారు. రేపు నేనే ఒకసారి ఫోన్ చేస్తాను. ఫాలో-అప్ కాల్ అంటాం."

"ఫోన్ బిడ్డని ఎత్తుకుంటుందా?"

మా తెలుగు చర్చిలోని సుగుణ ఆంటీ గుర్తొచ్చారు. బాలింత అంటే చాలు, కారేసుకుని వెళ్లిపోయే మనిషి. "మీరు సరేనంటే ఆవిడని పంపిస్తాను" అన్నాను.

క్లేర్ మొహం ముడుచుకుంది. "మీ అమెరికాలో ప్రభుత్వం చేయాల్సిన పని చర్చి చేస్తుంది. మా దగ్గర అది నా హక్కు. ముక్కూమొహం తెలియని మనిషి దయ నాకొద్దు."

ఒళ్లు మండింది. మా అమెరికా ఏమిటి, నా తలకాయ! నేనూ ఇక్కడ ఒంటరిదాన్నే. అయినా ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నేనే వెళ్దామంటే, నర్సులం రోగుల ఇళ్లకి వెళ్లకూడదని రూలు. బిడ్డకి కార్ సీటు ఉందో లేదో చూసుకుని, తల్లీబిడ్డల్ని టాక్సీ ఎక్కించి లోపలికి వచ్చేశాను.

మర్నాడు ఫోన్ చేశాను. "హౌ ఆర్ యూ?"

"గుడ్! థాంక్యూ!" గొంతులో చిరునవ్వు కూడా పెట్టింది. వెనక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

ఇక్కడి అబద్ధం అప్పుడే నేర్చేసుకుంది. "క్లేర్, నిజం చెప్పండి. ఎలా ఉన్నారు?"

ఆమె కూడా ఏడ్చింది. "ఆ ఆంటీ... ఇంకా వస్తారా?"

సుగుణ ఆంటీకి చెబితే ఒక్కటే అడిగారు: "ఆ పిల్లకి మన వెల్లుల్లి కారం పడుద్దా అమ్మా? సర్లే, డ్రైవ్ చేస్తా ఆలోచిస్తాలే. అడ్రస్ మెసేజ్ చెయ్యి."

ఎవరు "గుడ్" అన్నా రెండోసారి అడగాలని ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు ప్రతి కాల్‌లోనూ అడుగుతాను. డ్యూటీ దిగి వచ్చాక మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్కింటాయన రోజూ "హౌ ఆర్ యూ?" అంటాడు. "గుడ్" అంటాను. తలుపు తెరుచుకుంటుంది. ఎవరింట్లోకి వాళ్లం వెళ్లిపోతాం.