బంద్ నాటి లెక్క

తేదీ లేని సంగతిని నేను సాధారణంగా కాగితం మీద పెట్టను. అయితే ఆ ఏటి డైరీ వాన నీటికి తడిసి ముద్దయిపోయింది. జ్ఞాపకాన్ని నమ్ముకుని తేదీ వేయడం నేను చేసిన ఉద్యోగానికి అపచారం. కనుక ఇంతమాత్రమే చెబుతాను: తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న కాలమది. బతుకమ్మ పండుగకు మూడు వారాల పైచిలుకు గడువుంది. ప్రభుత్వంలో గణాంకాల ఉద్యోగం నుంచి నేను విరమించి అప్పటికి నాలుగో సంవత్సరం.

దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారికి రెండు వందల పది అడుగుల దూరంలో మా ఇల్లు. ఇది టేపుతో కొలిచిన దూరం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళం మేము. వీధివైపున్న ముందు గదిని నల్గొండ పక్క పల్లెనుంచి వచ్చిన ఒక ఇల్లాలు కిరాయికి తీసుకుని సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుంది. భర్త ఎల్బీనగర్, పెద్ద అంబర్‌పేట్ మధ్య ఆటో నడిపేవాడు. ఆమె ఫోన్లు అమ్మేది, చిన్నచిన్న మరమ్మతులు చేసేది. వీటన్నిటికంటె ఎక్కువగా, జనం తెచ్చిన గోరంత మెమరీ కార్డుల్లోకి తన కంప్యూటర్ నుంచి పాటలు ఎక్కించి ఇచ్చేది. ఆ రోజుల్లో ఫోన్ల దుకాణానికి వచ్చేవారిలో సగం మంది పాటల కోసమే వచ్చేవారు.

ఆ దుకాణం ఆ దసరాకు నిలుస్తుందా, మూతపడుతుందా అన్నది ప్రశ్న. పండుగ సరుకుగా ఇరవై ఫోన్లు తెప్పించుకునే స్తోమత ఆమెకుంది, అంతకు మించి లేదు. అవి బతుకమ్మ ముగిసేలోగా అమ్ముడుపోకపోతే షట్టర్ దించేసి ఊరికి వెళ్ళిపోదామని భర్త ఖాయంగా చెప్పేశాడు. ఆమెకు వెళ్ళడం ఇష్టం లేదు. ఏ రకం ఫోన్లు కావాలో టోకు వర్తకుడికి శుక్రవారంలోగా చెప్పాలి. బటన్ ఫోన్లా, టచ్ ఫోన్లా?

"జర మీరు గా కంప్యూటర్ల సూసి చెప్పుండ్రి సార్. మీరు పొద్దంతా దాండ్లనే ఉంటరు గద" అంది నాతో.

ఆ మాటలో అతిశయోక్తి కొంతే. సెల్‌ఫోన్లు, వాటి ధరలు, రేపటి బజారు గురించి తెలుగువారు పోగై ముచ్చటించుకునే ఒక ఇంటర్నెట్ వేదికలో నేను సభ్యుణ్ణి. అక్కడ అభిప్రాయానికి కరువు లేదు. "బటన్ ఫోన్ పని అయిపోయింది, రాసిపెట్టుకోండి" అని ఒకరు తీర్పు చెప్పేవారు. "ఈ దసరా తరవాత దాన్ని మ్యూజియంలో చూడాల్సిందే" అని ఇంకొకరు వంత పాడేవారు. నేను వినయంగానే అడిగేవాణ్ణి: "తమ అంచనాకు ఆధారమేమిటి? ఎంతమందిని విచారించారు?"

"మా ఆఫీసులో అందరివీ టచ్చే సార్."

"తమ ఆఫీసులో సిబ్బంది ఎందరు?"

"నలుగురం."

ఆ నలుగురి మీద నేను మూడు పేరాలు రాసిన రోజున, "పెద్దాయనా, మేం టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నాం, మీరు జనాభా లెక్కలు ఎత్తుకొచ్చారు" అని ఒకాయన చురక వేశాడు. మా ఆవిడ అది చదివి, "ఆయనెవరో గానీ మిమ్మల్ని బాగా ఎరిగినవాడేనండీ" అని రోజంతా నవ్వింది.

ఈ కబుర్ల మీద ఆధారపడి ఒక మనిషి బతుకుతెరువు గురించి సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. స్వయంగా లెక్క తీయాలనుకున్నాను. ఐదు ప్రశ్నల పట్టిక తయారు చేసుకుని, గీతలు గీసిన పుస్తకం, రెండు పెన్సిళ్ళు పట్టుకుని బయలుదేరాను. ఆ రోజు బంద్. అది నాకు మహా అనుకూలంగా తోచింది. మామూలు రోజుల్లో ఆ రహదారి పక్కన నిలబడి ఒక మనిషిని ఒక ప్రశ్న అడిగేలోగా నలుగురు భుజాలు రాసుకుంటూ పోతారు. బంద్ నాడు బస్సులుండవు, రొద ఉండదు. నడిరోడ్డు మీద కుర్రకారు క్రికెట్ ఆడుతోంది. కోచింగ్ హాస్టళ్ళ విద్యార్థులు గుంపులుగా తిరుగుతున్నారు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్ళు పాల ప్యాకెట్లు పట్టుకుని తీరికగా నడుస్తున్నారు. అందరికీ సమయముంది. అందరూ ఆగి, నా ఐదు ప్రశ్నలకూ చక్కగా సమాధానం చెప్పారు. వృత్తి జీవితంలో కూడా నాకింత మర్యాద దక్కలేదు.

అరవై మందిలో నలభై తొమ్మిది మంది తాము కొనబోయేది టచ్ ఫోనేనన్నారు. ఫలితాన్ని అదే సాయంత్రం ఆ వేదికలో పెట్టాను. అక్కడ నన్ను మొదటిసారి మెచ్చుకున్నారు. "చూశారా, పెద్దాయన లెక్క కూడా మన మాటే చెప్పింది" అని సంబరపడ్డారు. నాకూ సంతోషమే కలిగింది, దాచుకోవడమెందుకు? మర్నాడు పొద్దున్నే పుస్తకం చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళి, ఇరవైలో పదహారు టచ్ ఫోన్లు తెప్పించుకొమ్మని ఆమెకు చెప్పాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. పుస్తకం తీసుకుని, నా పట్టికను వేలితో వరసగా చూసుకుంటూ పోయింది.

"ఎప్పుడు రాసిండ్రు సార్ గిది?"

"నిన్ననే."

"నిన్ననా? నిన్న బంద్ గద!"

"అవును. అందుకే నిదానంగా రాయగలిగాను."

ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విని మా ఆవిడ లోపలినుంచి వచ్చింది.

"ఏమైందమ్మాయ్?"

"ఏం జెప్పాలె అమ్మా! సారు బంద్ నాడు పోయి లెక్క రాసిండు. బస్సులే లేవాయె. నా గిరాకీలు అందరు బస్సుల మీద దిగెటోళ్లే. మేస్త్రీలు, కూరగాయలోళ్లు, దవాఖానకు వొచ్చెటోళ్లు, ఒక్కడన్న వొచ్చిండా నిన్న? సూడుండ్రి, ఆఖరికి లెక్కలల్ల గూడ ఆంధ్రోళ్లు మా నల్గొండోళ్లను యిడిసిపెట్టిరి!"

మా ఆవిడ నా ముఖం చూసి, "ఉద్యమం ఎందుకొచ్చిందో ఇప్పుడు నాకు బాగా అర్థమైందండీ" అంది.

మూడున్నర దశాబ్దాలు లెక్కలు తీసినవాణ్ణి. ఎవరిని లెక్కించామన్నది తేలకుండా ఎంతమందిని లెక్కించామన్నది చెప్పకూడదని కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ పాఠం చెప్పినవాణ్ణి. ఆ పాఠం నాకు మా ముందు గదిలో, నా కిరాయిదారు నోట మళ్ళీ వినబడింది. సిగ్గు వేసిన మాట నిజమే. కాని ఆమె నవ్వు ఎంత స్వచ్ఛంగా ఉందంటే, ఒక నిమిషంలో నేనూ నవ్వాను.

"ఇంకొక తప్పు గుడ ఉంది సార్" అంది ఆమె, కాస్త జంకుతూ. "మీరు గింత పెద్దమనిషి, ఇస్త్రీ అంగి, చేతుల పుస్తకం. మీరడిగితె ఎవ్వడన్న నేను బటన్ ఫోన్ కొంట అంటడా? ఇజ్జత్ పోతది గద. అడగొద్దు సార్. ఊకె సూడుండ్రి."

బుధవారం పొద్దున ఏడు గంటలకు ఎల్బీనగర్ చౌరస్తాలో దిగాను. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు జనాన్ని దించే చోట ఒక టీ బండి పక్కన నిలబడ్డాను. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. దిగినవాళ్ళు ఫోను తీసినప్పుడు, ఆ ఫోనేమిటో చూసి గీత పెట్టడమే పని. చొక్కా జేబుల్లోంచి, సంచుల్లోంచి, రుమాలు మూటల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయి. కొన్నింటికి రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి. ఒక ముసలామె తన ఫోనును పాలిథీన్ కవరులోంచి తీయకుండానే బటన్లు నొక్కి, కవరులోనే మాట్లాడి, మళ్ళీ చంకసంచిలో వేసుకుంది. ముప్పావు గంట గడిచేసరికి ఒక నడివయస్కుడు నా ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"ఏంది పెద్దాయన, అందరి ఫోన్ల దిక్కే సూస్తున్నవు? గుంజుకపోదామనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నావైపు తిరిగారు. నా జీవితంలో నన్ను దొంగగా అనుమానించిన మొదటి సందర్భమది, చివరిది కూడా. పుస్తకం తెరిచి గీతలు చూపించి, విషయం వివరించాను. అతడు టీ బండి బల్ల మీద కూలబడి, "అరె, ఫోన్లు గుడ లెక్కవెడ్తరా! అయితె నన్ను గుడ రాస్కో. నాది రెండు సిమ్ముల ఫోను" అన్నాడు.

"కొత్తది కొంటే ఎలాంటిది కొంటావు నాయనా?" అడగకూడదన్న షరతు ఇక్కడ మీరాను.

"సప్పుడు మంచిగుండాలె. ట్రాక్టర్ మీద పోతుంటె పాట ఇనవడాలె. ఊర్ల కరెంట్ ఉండది, మూడొద్దులు చార్జింగ్ ఆగాలె. గంతే."

"టచ్ ఫోను?"

"గది రుద్దుకుంట కూసుంటె నాటెవరు ఏస్తరు?"

టీ బండి దగ్గరున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. తరవాత నేను అడక్కుండానే ఒక్కొక్కరూ వచ్చి ఫోను చూపించడం మొదలుపెట్టారు. ఒకాయన ఉద్యమం పాట పెట్టి నా చెవి దగ్గర పట్టుకుని, ఎంత గట్టిగా మోగుతుందో నమోదు చేయమన్నాడు. దానికి నా పట్టికలో గడి లేదు. పెన్సిలుతో కొత్త గడి గీశాను. తొమ్మిదిన్నరకు ముగించేసరికి మొత్తం డెబ్బై రెండు ఫోన్లు. అందులో అరవై మూడు బటన్ ఫోన్లు. ఆ కొత్త గడిలో ముప్పై గీతలు పడ్డాయి.

ఆమె ఆ కాగితాన్ని చూసి ఆశ్చర్యపడలేదు. "గిది నాకు ఎరికే సార్. గని మా ఇంటాయన నా మాట ఇనడు. కాయితం మీద ఉంటె ఇంటడు" అంది. భర్త ఆ సాయంత్రం ఆటో ఆపి, నా గీతలను మొదటినుంచి చివరిదాకా తానే మళ్ళీ లెక్కపెట్టాడు. సరిపోయింది. శుక్రవారం నాడు గట్టిగా మోగే, రెండు సిమ్ములు పట్టే బటన్ ఫోన్లు పదహారు, టచ్ ఫోన్లు నాలుగు తెప్పించుకున్నారు. ప్రతి ఫోనులోనూ బతుకమ్మ పాటలు ఎక్కించిన కార్డు వేసి ఇవ్వాలన్నది ఆమె ఆలోచన. అలాంటిది నా పట్టికకు తట్టే విషయం కాదు.

నా మొదటి లెక్క తప్పని, బంద్ రోజున తీసిన కారణంగా అది చెల్లదని ఇంటర్నెట్ వేదికలోనూ రాశాను. తప్పు ఒప్పుకున్న మొదటి సభ్యుణ్ణి నేనేనట. అభినందనలు చాలా వచ్చాయి. అభినందించిన నోటితోనే "అయినా సరే, బటన్ ఫోన్ పని అయిపోయింది" అన్నవారూ ఉన్నారు. కొన్నేళ్ళకు వాళ్ళ మాటే నిజమైంది, కాదనను. అయితే ఏ దసరాకు నిజమవుతుందో వాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. దుకాణం తెరిచి కూర్చున్న మనిషికి కావలసింది ఆ ఒక్క సంగతి.

బతుకమ్మ మొదలైన ఐదో రోజుకు పదమూడు బటన్ ఫోన్లు వెళ్ళిపోయాయి. టచ్ ఫోన్లను హాస్టల్ విద్యార్థులు రెండు, బంద్ నాడు నాకు సమాధానం చెప్పిన ఒక అపార్ట్‌మెంటాయన ఒకటి తీసుకున్నారు. ఏడో రోజున మా ఆవిడ దుకాణంలోకి వెళ్ళి, "నాకూ ఒకటివ్వమ్మాయ్, అంకెలు పెద్దవిగా ఉండేది" అని తన వాటా తాను తీసుకుంది. ఆ సాయంత్రం మా వీధిలో తంగేడు, గునుగు పూల బతుకమ్మలను పేర్చి పెట్టి నల్గొండ ఆడవాళ్ళు చప్పట్లతో తిరుగుతున్నారు. ఒక్కొక్కరి ఫోనులో ఒక్కొక్క చోట మొదలైన ఒకే పాట నాలుగు వైపులనుంచి మోగుతోంది. మా కృష్ణా జిల్లా ఆవిడ తన ఫోను గోడ మీద పెట్టి, అడుగు తప్పుతూనే వాళ్ళతో కలిసి తిరిగింది. "అమ్మా, ఒంగి కొట్టాలె చప్పట్లు, నిలవడి గాదు" అని దుకాణం ఆమె ఆట మధ్యలో అరుస్తోంది. నేను అరుగు మీద కూర్చుని ఆడేవాళ్ళను లెక్కపెట్టబోయాను. గుండ్రంగా తిరిగేవాళ్ళలో మొదటి మనిషి ఎవరో ఆనవాలు పట్టడం నా వల్ల కాలేదు.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాటికి దుకాణంలో ఒక్క టచ్ ఫోను మిగిలింది. దాన్ని ఆమె భర్త అద్దాల బల్లలోంచి తీసి తన జేబులో వేసుకున్నాడు. అదేమిటని ఆమె అడిగితే, "దుకాణపోని చేతుల గిసుంటి ఫోన్ లేకుంటె మంచిగుండది" అన్నాడు. ఊరి ప్రయాణం మాట అతడు మళ్ళీ ఎత్తలేదు.

దసరా మర్నాడు ఉదయం ఆమె మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"సార్, మీ పాత పేపర్లు వెట్టుకునే ఎనక అర్ర గుడ కిరాయికి ఇస్తరా? రిపేరు బల్ల యేసుకుంట. నడుమ గోడకు దర్వాజ కొట్టాలె."

నేను లోపలికి వెళ్ళి, కొలత టేపు తెచ్చి, ఒక కొస ఆమె చేతికిచ్చాను.

"గోడకు ఆనించి పట్టుకో తల్లీ" అన్నాను.