పెట్టెలో పట్టని మాట

మొన్న తిరుత్తణి నుంచి చెన్నై వెళ్లే లోకల్ రైల్లో మా తమ్ముడి కొడుకు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఏదో ప్రోగ్రాం రాసుకుంటూ ఉంటే, పక్కన కూర్చున్న నేను ఊరికే ఉండలేక, తెర మీది చిన్న పెట్టెలో పొడుగాటి వాక్యం పట్టకపోతే ఏం చేస్తావురా అని అడిగాను. వాడు తల తిప్పకుండానే ఒకచోట టిక్కు పెట్టి చూపించాడు. వాక్యం దానంతటదే రెండో వరుసలోకీ మూడో వరుసలోకీ మడుచుకుంది, పెట్టె కూడా తగ్గట్టుగా కిందికి పెరిగింది. "అంతే అత్తా, దీంట్లో ఏముండాది" అని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఏముందో వాడికి చెప్పాలని తిరువళ్లూరు దాటేదాకా అనుకుంటూనే ఉన్నాను గాని, వినే మనిషి లేడు. అందుకే, కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లిన మన తరం వాళ్లకు చెప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో నేను పొద్దున్నే తిరుత్తణిలో రైలెక్కి, తిరువళ్లూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. మా ఊళ్లో చిన్న ఆసుపత్రి నడిపే డాక్టరుగారు ఒకరోజు పిలిపించి, మందుల జాగ్రత్తలు తెర మీద చూపించే ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టమన్నారు. మందులిచ్చే కిటికీ దగ్గరి నర్సుకు తమిళం తప్ప తెలుగు రాదు. కనకమ్మ సత్రం చుట్టుపక్కల తెలుగు పల్లెల నుంచి వచ్చే మా పెద్దవాళ్లేమో తెలుగు బడిలో నాలుగైదు తరగతులు చదివినవాళ్లు. మందు పేరు నొక్కితే జాగ్రత్త రెండు భాషల్లోనూ రావాలి, తెర వాళ్లవైపు తిప్పితే తెలుగువాళ్లు వాళ్లంతట వాళ్లే చదువుకోవాలి, ఇదీ ఆయన ఆలోచన. రెండు నెలలు కూర్చుని రాశాను. తెలుగు అక్షరాలు తెర మీద వెలిగిన రోజు మా నాన్న పొలం పని వదిలి వచ్చి, ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని చూసి వెళ్లాడు.

మా మేనత్తకు మోకాళ్ల నొప్పులుండేవి. అదే కిటికీ దగ్గర మాత్రలు తీసుకుని, మేనకోడలు రాసిన రాత అని అందరికీ వినపడేలా పైకి చదివి మరీ వెళ్లిందట. వారం తిరగకుండానే కడుపులో మంట, ఆపైన నెత్తుటి వాంతి. మా మామ ఎద్దుల బండి కట్టడానికి కూడా ఆగకుండా, ఎవరిదో పాలవ్యాను ఆపి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించాడు. నొప్పి మాత్రలు పరగడుపున వేసుకున్నందువల్లే ఇలా అయిందని డాక్టరుగారు తేల్చారు. పెద్దామె, సరిగ్గా చదివి ఉండదు అన్నారు. మా ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. నిజం చెప్పాలంటే, నేనూ అదే అనుకున్నాను.

ఆమె మాత్రం సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కదలకుండా పెట్టుకుని నా ముఖంలోకే చూస్తూ చెప్పింది. "నేను తప్పు చదవలేదు మే. వేసుకో అనే ఉండాది ఆడ. అత్తనే గదా అని చనువుగా రాసినావేమో అనుకుంటిని."

నేను కిటికీ దగ్గరికి పోయి, నర్సును అడిగి ఆ మందు పేరు నొక్కాను. నేను రాసిన వాక్యం 'ఈ మాత్రను పొద్దున పరగడుపున వట్టి నీళ్లతో వేసుకోకూడదు' అని. తెర మీది పెట్టె ఒకే వరుస చూపించేది. అందులో 'వేసుకో' వరకే పట్టింది. మిగిలిన మూడక్షరాలు అంచు అవతల ఉండిపోయాయి. రాసేటప్పుడు నేను ఇంగ్లీషు వాక్యాలతో సరిచూసుకున్నాను, అవి పొట్టివి, పైగా ఇంగ్లీషులో వద్దనే మాట మొదట్లోనే వచ్చేస్తుంది. మనకు అవునో కాదో తేలేది చివర్లో. తమిళ వాక్యమూ అలాగే తెగింది గాని, నర్సుకు అది నోటికి వచ్చు కాబట్టి తనే పూర్తి చేసి చెప్పేది. తెలుగువాళ్లకు చెప్పే దిక్కు ఆ పెట్టె ఒక్కటే.

నేరుగా డాక్టరుగారి గదిలోకి వెళ్లి, మా అత్త తప్పు చదవలేదని, తప్పు నాదని చెప్పాను. ఆయన వచ్చి తెర చూసి, సరిచేసేదాకా తెలుగు చూపించొద్దని, ఈలోగా తెలుగువాళ్లకు తనే నోటితో చెబుతానని అన్నారు. ఆ మాత్రలు తీసుకెళ్లిన మిగతావాళ్ల ఇళ్లకు ఆ పూటే మనిషిని పంపించారు. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

సరిచెయ్యడం అనుకున్నంత సులువు కాలేదు. వరుసలు మడిచే వీలు ఆ పెట్టెకు ఉంది గాని, పెట్టె ఎత్తు పెరగదు, మూడో వరుస అడుగున దాక్కునేది. ఒక్కో మాట వెడల్పూ కొలిచి, ఎన్ని వరుసలౌతాయో లెక్కగట్టి, పెట్టెను కిందికి సాగదీసి, దాని కింది బటన్లను ఇంకా కిందికి జరిపించాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అప్పటి తెలుగు ఫాంట్లలో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉండేది, ఒక వత్తుకేమో ఇంగ్లీషులో మాటను విరిచే అడ్డగీత, అదే హైఫన్, ఉండే స్థానం ఇచ్చారు. కంప్యూటర్ దాన్ని అడ్డగీత అనుకుని వరుస అక్కడే విరిచేది. వత్తు ఒక వరుసలో, మిగతా మాట ఇంకో వరుసలో. చివరికి వరుసలు మడిచే పని కంప్యూటర్‌కు వదలకుండా, మాటకూ మాటకూ మధ్య ఖాళీలోనే విరిగేట్టు నేనే రాసుకున్నాను. అవునో కాదో తేల్చే మాట ఒంటరిగా కింద మిగలకుండా, చివరి రెండు మాటలూ ఎప్పుడూ ఒకే వరుసలో ఉండాలన్న నియమం కూడా పెట్టాను. అది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంతం.

మా అత్త ఇంటికి వెళ్లే రోజు ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మందులన్నీ వరుసగా నొక్కుతూ పోయాను. ఆమె తెర మీద వేలు పెట్టి, ఒక్క మాట వదలకుండా, వార్డులోవాళ్లకు కూడా వినపడేలా చదివింది. డాక్టరుగారు ఆమె ముందు నిలబడి, "అమ్మా, ఆ రోజు మీరు చదివిందే సరి. తప్పు చదివినారని నేనే అనేసినాను" అన్నారు. ఆమె నావైపు తిరిగి, "అయిదో తరగతి అంటే ఏమనుకున్నారు మే వీళ్లంతా" అంది. నా జీతం పెరిగిన రోజుగాని, సెంటర్ నా చేతికి వచ్చిన రోజుగాని నాకు అంత గర్వంగా అనిపించలేదు.

ఆ ప్రోగ్రాం ఎన్నో ఏళ్లు నడిచింది. తర్వాత ఆసుపత్రికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, చెన్నై నుంచి కొత్త ప్రోగ్రాం వచ్చింది. అందులో తమిళం ఉంది, ఇంగ్లీషు ఉంది. తెలుగు అడిగినవాళ్లు లేరన్నారు, ఆ మాటా నిజమే. మా ఇళ్లలో ఇప్పటికీ తెలుగులోనే పోట్లాడుకుంటాం, తెలుగులోనే ఏడుస్తాం, చదవడం మాత్రం తమిళంలోనే సాగుతోంది. పిల్లల్ని తప్పుపట్టను, వాళ్లకు నేర్పిన బడి అది. తెలుగు వరుసల్ని వేలు పెట్టి చదివిన మా పెద్దవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లు చదివినన్నాళ్లూ మాత్రం ఆ తెర మీద వాళ్లకు ఒక్క అక్షరం తక్కువ కాకుండా చూసుకున్నాను.