గోడ మీది మాచిపత్రి

హిందూపురంలో బట్టల కొట్టు నడిపే నంజుండశెట్టి తుమ్మాడంటే వీధిలో ఎవరో ఒకరికి నేరం అంటుకోవాల్సిందే. ముక్కు పైకెత్తి, కళ్లు మూసి, గాల్లో ఒక వేలు లేపి తుమ్ముతాడు. తుమ్మగానే ఆ వేలు పక్కింటి టైలరు సాబ్జాన్ వైపు తిరుగుతుంది. "ఏమప్పా, నీ పోపు ఘాటుకు మేం బతకాల్నా వద్దా?" తన కాంపౌండు గోడ బీటల్లో నడుమెత్తు పెరిగి, తెల్లగా పూసి, తుమ్ములు తెప్పించే వయ్యారిభామ మాత్రం ఆయన కంటికి ఆనదు. గోడ బయటి పక్కన మొలిచిందంతా మున్సిపాలిటీదేనని ఆయన సిద్ధాంతం.

వినాయక చవితినాడు మాత్రం బజారులో పత్రి కొనడం దండగనిపించి, ఆ మున్సిపాలిటీ సొత్తునే పూతతో సహా గంపెడు కోసుకొచ్చాడు. "ఇది మాచిపత్రి కాదయ్యా, వయ్యారిభామ మాదిరుండాది" అంది భార్య పద్మావతమ్మ. "మా నాయన కాలం నుంచీ ఈ పూజ చేస్తాండా. పత్రి నాకు నేర్పిస్తావా?" అని పీట మీద కూర్చున్నాడు. "మాచీపత్రం పూజయామి" దగ్గర పట్టుకున్న తుమ్ములకు అక్షతలు చెదిరాయి, దీపం కొండెక్కింది. పూజ ముగిసి, భోజనాలైనా అవి ఆగలేదు. చివరికి కళ్లు తుడుచుకుంటూ కిటికీలోంచి అరిచాడు. "పండగ పూట కూడా పోపేనా, సాబ్జాన్?"

సాబ్జాన్ ఇంట్లో ఆ రోజు పొయ్యే వెలగలేదు. పద్మావతమ్మ పంపిన పులిహోర తిని, అందరూ నిద్రపోతున్నారు.