ఖాళీ పళ్ళెం

పక్కింటి అత్త పోయింది. ఆదివారం పొద్దున్న ఆవిడ కొడుకు స్కూటర్ మీద మలంచాలో మా ఇంటికి వచ్చి, గేటు దగ్గరే నిలబడి ఆ మాట చెప్పాడు. మా అమ్మ అప్పుడు కందిపప్పు ఏరుతోంది. చేట కింద పెట్టి, "రాత్రి ఏటైనా తిన్నాదా?" అని అడిగింది. చావు కబురు విన్నాక ఎవరూ అడిగే ప్రశ్న కాదది. ఆ అబ్బాయికి మా అమ్మ సంగతి తెలుసు. "రెండు ముద్దలు తిన్నాది అత్తా" అన్నాడు. అమ్మ తలూపి, అప్పుడు ఏడ్చింది.

పక్కింటి అత్త అంటున్నాను గానీ ఆవిడ మాకు చుట్టం కాదు. ఈ బెంగాలీ ఊళ్ళోనే, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరూ వాళ్ళ క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. రెండు కుటుంబాలవీ శ్రీకాకుళం వైపు ఊళ్ళే. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, అత్త భర్త మావయ్య గూడ్సు డ్రైవరు. వాళ్ళు క్రైస్తవులు, మేము సింహాచలం అప్పన్నకి మొక్కేవాళ్ళం. ఆవిడ నాన్నని అన్నయ్యా అనేది, అమ్మని వదినా అనేది. నాన్న రిటైరై మేము మలంచా వచ్చేశాక పక్కిల్లు మారింది గానీ, మాకు పక్కింటి అత్త మాత్రం మారలేదు.

మంచి మనిషి అని మొదలుపెట్టడానికి భయంగా ఉంది. ఎదురుగా అలా అంటే ఆవిడకి నిజంగానే కోపం వచ్చేది. పైగా అందరూ అనుకునే మెత్తటి మనిషి కాదు. చేపలవాడితో "దాదా, ఎతో దామ్ కేనో?" అని, ఇంత ధరేమిటని బెంగాలీలో మొదలుపెడితే వాడు తలపట్టుకునేదాకా వదిలేది కాదు. చర్చిలో పాడితే పక్క బెంచీ వాళ్ళకి కూడా రాగం తప్పేది. ఆవిడ అరిసెలైతే మా నాన్న నోట్లో పెట్టుకుని, "సెల్లెమ్మా, వర్క్‌షాపుకి పట్టికెల్లి సుత్తితో కొట్టుకు తింటాను" అనేవాడు. "ఊరికే వచ్చినవాటికి వంకలెట్టకు అన్నయ్యా" అనేది అత్త.

ఆ అరిసెలు క్రిస్మస్ పళ్ళెంలో వచ్చేవి. అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, ఒక కేకు ముక్క, పైన కుట్టుపని చేసిన తెల్లగుడ్డ. స్టీలు పళ్ళెం అంచు మీద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉండేది.

ఇచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగివ్వకూడదని మనందరికీ తెలుసు. గుప్పెడు పంచదారో, రెండు అరటిపళ్ళో వేసి ఇస్తాం. ఎదురింటి బెంగాలీ దీదీ కూడా "ఖాలీ బాటీ ఫెరత్ దితే నేయ్" అనేది, అదే మాట వాళ్ళ భాషలో. అలాగే మా అమ్మ మొదటి క్రిస్మస్‌కి ఆ పళ్ళెంలో పంచదార వేసి ఇచ్చింది. కాసేపటికి అత్త కాగితం పొట్లం ఒకటి పట్టుకుని వచ్చింది.

"మీ పంచదార నా పళ్ళెంలో మరిసిపోనారు వొదినా."

"మరిసిపోలేదు. ఖాళీ పళ్ళెం ఎలగిస్తాం? ఇంటికి మంచిది కాదు."

"మంచిది కాపోతే ఆ పాపం నా మీదెయ్యండి. ఇది కిస్మస్ పళ్ళెం. నాకు పైనున్నాయన ఊరికే ఇచ్చినాడు, నాను మీకు ఊరికే ఇస్తన్నాను. మీరు అందులో ఏటైనా ఏస్తే బజారు బేరం అయిపోతాది."

అమ్మకి ఆ మాట రుచించలేదు. ఎవరి దగ్గరా ఊరికే పుచ్చుకున్న మనిషి కాదు అమ్మ. దీపావళికి మిఠాయిలు పంపింది. అత్త ప్రసాదం తినదని దేవుడికి పెట్టకముందే వేరే తీసి మరీ పంపింది. ఆ గిన్నె తళతళలాడుతూ ఖాళీగా తిరిగొచ్చింది. "ఏటి మనిషో!" అని అమ్మ రోజంతా సణిగింది. ఆ తరవాత ఏటేటా ఇద్దరికీ పంతం. అమ్మ ఓసారి తెల్లగుడ్డ మడతలో చిటికెడు పంచదార దాచింది. ఓసారి ఒక్క బంతిపువ్వు పెట్టింది. అత్త వరండాలోకి వచ్చి, మాకు కనబడేలా గుడ్డ దులిపి, "సీమలకి పండగ" అనేది.

నేను హైస్కూలుకి వచ్చాక ఆవిడతో వాదించేదాన్ని. మంచిపనులు చెయ్యకుండా మోక్షం ఊరికే ఎలా వస్తుందని అడిగాను. "మీ నాన్న పాసు మీద నువ్వు రైలెక్కుతావు గదా? టీటీ వచ్చి, వర్క్‌షాపులో నువ్వేటి పని సేసినావని అడుగుతాడా? ఎవలి పిల్లవని అడుగుతాడు. అంతే" అంది. అయితే తాగొచ్చి గోల చేసే మావయ్యకీ, తెల్లారకుండా లేచి ప్రార్థన చేసుకునే నీకూ ఒకటేనా అన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. "ఒకటే. అది తలుసుకుంటే ఒక్కోపాలి నాకూ ఒళ్ళు మండుతాది. కాని నాలోపల ఏటుందో నాకు తెలుసు గదా. మీ మావయ్యని గుమ్మంలో ఆపితే నన్ను కూడా ఆపాల" అంది. నాకు ఆ రోజు ఆ జవాబు నచ్చలేదు.

తరవాత మా తమ్ముడు పోయాడు.

వాడి పుట్టువెంట్రుకలు సింహాచలంలో తీయిస్తామని మొక్కు. రైల్వే వాళ్ళం, పాసుంది కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు అనుకున్నాం. నాన్నకి లీవు దొరికినప్పుడు నాకు పరీక్షలు, నా పరీక్షలు అయితే అక్కడ ఎండలు. అలా ఏళ్ళు గడిచాయి. అమ్మ వాడికి జడ వేసి రిబ్బను కట్టేది. వీధిలో వాళ్ళు ఆడపిల్ల అనుకునేవారు. ఒక వానాకాలం జ్వరం వచ్చి, ఆ జడతోనే వెళ్ళిపోయాడు.

అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. మొక్కు తీర్చకపోవడం తన తప్పేనని నిశ్చయించుకుంది. నాన్నని తీసుకుని సింహాచలం వెళ్ళి తన జుట్టే ఇచ్చేసి వచ్చింది. వచ్చాక కూడా, "తీరలేదు, ఇంకా తీరలేదు" అనేది. ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. తరవాత అదీ మానేసే రోజులు పెరిగాయి. కటిక నేల మీద పడుకునేది. కర్మ అన్నవాళ్ళున్నారు, రాత అన్నవాళ్ళున్నారు. అందరికీ తలూపేది. మనిషి మా కళ్ళముందే కరిగిపోతోంది. అమ్మ కూడా వెళ్ళిపోతుందేమోనని నాకు భయం. నాన్నకీ అదే భయమని, ఆయన డ్యూటీ నుంచి రాగానే ముందు వంటింట్లోకి తొంగిచూడటాన్ని బట్టి తెలిసేది.

అత్త రోజూ మధ్యాహ్నం వచ్చి కూచునేది. బఠాణీలు ఒలిచేది, లేదా ఊరికే ఉండేది. నోరు మూసుకుని ఉండడం ఆవిడకి ఎంత కష్టమో మాకు తెలుసు.

ఆ ఏడు మాకు పండగ లేదు. పళ్ళెం రాదనుకున్నాం. వచ్చింది. అమ్మ తలెత్తకుండానే, "ఈ ఏడు వద్దు వొదినా. తినడానికి నాకు మొహం నేదు" అంది.

అత్త పళ్ళెం నేల మీద పెట్టి, తనూ నేల మీద కూచుంది. "నాకు ముందు ఒక పాప ఉండీది. మీకు తెలీదు. మీరు ఈ క్వార్టరుకి రాకముందు మాట" అంది. నిజమే, మాకు ఎవరికీ తెలీదు. పసిదాన్ని చంకనేసుకుని చర్చికి వెళ్ళలేక కొన్ని నెలలు మానేసిందట. ఆ పిల్ల పోయింది. దేవుడికి కోపం వచ్చిందని, ఉపవాసాలు పట్టింది. చర్చి నేలంతా ఒక్కత్తే తుడిచేది. "ఎంత సేసినా ఇంకా బాకీ ఉన్నట్టే ఉండీది వొదినా. ఒకరోజు తుడస్తంటే ముసలి పాస్టరుగారు వచ్చి నా సేతిలో గుడ్డ నాగేసినారు. ఎవలికి కడతన్నావమ్మా, సిలువ మీద ఆయన అంతా కట్టేసినాడు, నీకోసం ఏటీ మిగల్చలేదు అన్నారు. నాను అక్కడే కూలబడిపోనాను."

"అయితే ఏడుపు పోనాదేటి?" అంది అమ్మ. ఆ గొంతులో కోపం ఉంది.

"పోలేదు. ఇప్పటికీ పోలేదు. బయం పోనాది." అత్త పళ్ళెం అమ్మ దగ్గరికి జరిపింది. "మీ దేవుడి సంగతి నాకు తెలీదు వొదినా. నాకు తెలిసినాయన గురించే సెప్పగలను. కాని పిలకాయ జుట్టు ఇయ్యలేదని పిలకాయనే పట్టుకుపోయేటంత సిన్నబుద్ది దేవుడికి ఉంటాదని, మీరు సెప్పినా నాను నమ్మను."

అమ్మ పళ్ళెం వైపు చూసింది. తరవాత తెల్లగుడ్డ తీసి ఒక అరిసె అందుకుంది. అది ఎప్పటిలాగే రాయి. కొరకలేక, చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత గట్టిగా ఎలగ సేస్తావే తల్లీ" అంది. అత్త నవ్వింది, ఇద్దరూ ఏడ్చారు. మిగిలినవి అమ్మ డబ్బాలోకి సర్ది, పళ్ళెం కడిగి, తుడిచి, పంచదార డబ్బా వైపు ఒకసారి చూసి, ఖాళీగానే అత్త చేతిలో పెట్టింది. "ఠీక్ హై" అంది అత్త. ఆ సాయంత్రం అమ్మ మాతోపాటు అన్నం తింది.

అమ్మ చర్చికి మారలేదు. అప్పన్న ముందు దీపం మానలేదు. జుట్టు మళ్ళీ పెరిగింది. అత్త ప్రార్థనల్లో మా పేర్లు ఉండేవని మాకు తెలుసు, అమ్మ దణ్ణాల్లో ఆవిడ ఉండేదని ఆవిడకీ తెలుసు. నేను ఏ నమ్మకంలో ఉన్నానో నాకే సరిగా తెలీదు గానీ, మా అమ్మని మాకు తిరిగిచ్చిన నమ్మకం అది. దానికి నేను రుణపడి ఉన్నాను అంటే అత్త ఒప్పుకోదు.

చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు చర్చి పెద్ద ఒకాయన మంచం పక్కన కూచుని, మీరు చేసిన సేవకి పరలోకంలో గొప్ప చోటు ఉంటుందమ్మా అంటున్నాడు. అత్త కళ్ళు మూసుకునే, "ఖాళీ సేతులతో ఎల్తన్నాను బాబూ. అదే నా దైర్యం" అంది. తరవాత నా వైపు తిరిగి, చేపలవాడు ధర పెంచాడని చెప్పింది.

మొన్న వాళ్ళింట్లో ఆదరణ కూడిక జరిగింది, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ప్రార్థన అది. బంధువులు పళ్ళూ, బిస్కెట్లూ, పూలూ పట్టుకొచ్చారు. కిందటి క్రిస్మస్ పళ్ళెం మా దగ్గరే ఉండిపోయింది. అమ్మ దాన్ని చింతపండుతో తోమింది. "ఏమైనా పెట్టుకెళ్దామా అమ్మా, చావింటికి ఖాళీగా బావోదేమో" అన్నాను. అమ్మ నావైపు ఒకసారి చూసి, పళ్ళెం తుడవడం మొదలుపెట్టింది.

ట్రాఫిక్‌లో రిక్షా దిగాక పళ్ళెం నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. వరండా నిండా జనం. అందరూ చూస్తుండగా అమ్మ రెండు చేతులతో ఆ ఖాళీ పళ్ళెం ఎత్తి పట్టుకుని, మెల్లగా మెట్లెక్కింది.